డోసు తగ్గాలి, బొమ్మ చెడకూడదు: రొమ్ము స్కానింగ్ దగ్గర మనం అడగాల్సిన లెక్క



పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ వదిలేయకండి. "ఇది ఆడవాళ్ల విషయం కదా" అని తమ్ముళ్లు దాటేయొద్దు. ఇంట్లో అమ్మనో, పెద్దమ్మనో ఆసుపత్రికి తీసుకెళ్లేది, అక్కడ కాగితాలు చదివేది, ఫారం మీద సంతకం పెట్టేది చివరికి చదువుకున్న మనమే.

ఇది రాస్తున్నది మేము నలుగురం. ఒకరు రేడియోగ్రఫీ డిప్లొమా, ఒకరు బీఎస్సీ నర్సింగ్, మిగతా ఇద్దరం ఫిజిక్స్. పోయిన ఎండాకాలం మాలో ఒకరి పెద్దమ్మకి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఏఎన్ఎం అక్క చూసి రాసిస్తే, కాఫీ తోటలో కూలి మానుకుని, ఘాట్ రోడ్డు దిగి, కింద పట్నంలో ఒక స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాం. పెద్దమ్మకి కువి వచ్చు, తెలుగు సగమే వచ్చు. మామోగ్రామ్ మిషన్ దగ్గర టెక్నీషియన్ గబగబా ఏదో చెప్పాడు. ఆమెకి అర్థం కాలేదు, నొప్పికి కదిలింది. బొమ్మ మసకగా వచ్చింది. మళ్లీ తీశారు. ఇంకోసారి తీశారు. ఆ తర్వాత ఛాతీ సీటీ కూడా తీయించుకోమన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. చివరికి విషయం తేల్చింది అల్ట్రాసౌండ్. గడ్డ కాదు, నీటి బుడ్డ. దేవుడి దయ అనుకున్నాం.

తిరుగు జీపులో పెద్దమ్మ ఒక మాట అడిగింది. "ఇన్నిసార్లు కిరణాలు కొట్టారు కదరా, లేని రోగం ఇప్పుడు వస్తుందేమో?"

మాకు జవాబు తెలియలేదు. ఫిజిక్స్ చదివేవాళ్లం ఇద్దరం అదే జీపులో ఉన్నాం, మాకే నోట మాట రాలేదు. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. ఆ మాట ఊళ్లో పాకింది. అదే ఊళ్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, ఏఎన్ఎం రాసిచ్చినా, "ఆ మిషన్ దగ్గరికి పోము" అని కూర్చున్నారు. వాళ్లలో ఒకరికి ఉన్నది నీటి బుడ్డ కాకపోతే ఏంటి పరిస్థితి? అందుకే కూర్చుని చదివాం. చదివింది మీ ముందు పెడుతున్నాం, మా అభిప్రాయం కూడా చెప్తున్నాం.

ముందు పెద్దమ్మ ప్రశ్నకి నిజాయితీగా జవాబు. ఆమె భయం మూఢనమ్మకం కాదు. రొమ్ము కణజాలానికి ఎక్స్‌రేలు పడవు, ముఖ్యంగా చిన్న వయసులో. ఇది బయటపడిన తీరు మనవాళ్లు తెలుసుకోవాలి, ఎందుకంటే అది టీబీ రోగుల కథ. మన ఊళ్లలో టీబీ అంటే ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు. టీబీకి మందులు రాని రోజుల్లో ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి దాన్ని ముడుచుకునేలా చేసి విశ్రాంతి ఇచ్చేవాళ్లు. సరిగా ముడుచుకుందా లేదా అని చూడ్డానికి మాటిమాటికీ ఫ్లోరోస్కోపీ, అంటే కదిలే ఎక్స్‌రే, తీసేవాళ్లు. కొందరికి ఏళ్ల తరబడి వందసార్లకు పైగా. కెనడాలోని నోవా స్కోషియాలో ఇయాన్ మెకెంజీ అనే డాక్టర్, అలా చూపించుకున్న ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని 1965లో రాశాడు. అమెరికాలో మసాచుసెట్స్ శానిటోరియంల రికార్డులు, హిరోషిమా నాగసాకి బాంబుల నుంచి బతికిన ఆడవాళ్ల లెక్కలు కూడా తర్వాత అదే చెప్పాయి. రేడియేషన్ రక్షణ మీద సలహాలిచ్చే అంతర్జాతీయ కమిషన్ 2007లో రొమ్ముకి ఇచ్చే ప్రమాద విలువని 0.05 నుంచి 0.12కి పెంచింది. అంటే అంతకుముందు అనుకున్న దానికంటే రొమ్ము ఎక్కువ సున్నితమని ఒప్పుకున్నట్టే.

మరి ఒక్క మామోగ్రామ్ సంగతి? ఇక్కడే లెక్క కావాలి. నేలలోంచి, ఆకాశంలోంచి, తినే తిండిలోంచి ప్రతి మనిషికీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ ఎలాగూ పడుతుంది. ఒక మామోగ్రామ్ పరీక్ష మొత్తం కలిపితే దాదాపు 0.4. అంటే రెండు నెలలు మామూలుగా బతికితే పడేంత. అదే ఒక ఛాతీ సీటీ 6, 7 మిల్లీసీవర్ట్‌ల దాకా ఉంటుంది. అంటే దాదాపు మూడేళ్లది ఒక్కసారిగా. పెద్దమ్మ విషయంలో మేము భయపడాల్సింది రెండుసార్లు ఎక్కువ తీసిన మామోగ్రామ్ గురించి అంతగా కాదు. కారణం చెప్పకుండా చేసిన ఆ ఛాతీ సీటీ గురించి. అది కూడా వెంటనే ఏదో చేసేస్తుందని కాదు. ఒక్క స్కాన్ వల్ల ఒక్క మనిషికి పెరిగే ప్రమాదం చాలా చిన్నది. కానీ అవసరం లేనిది చిన్నదైనా ఎందుకు మోయాలి?

ఇప్పుడు అసలు సబ్జెక్టుకి వద్దాం. ఈ ప్రశ్న మీదే, అంటే రొమ్ముకి తక్కువ డోసుతో మంచి బొమ్మ ఎలా తీయాలన్న దాని మీదే, ఇరవై అయిదేళ్లుగా కొంతమంది పని చేస్తున్నారు. రొమ్ము కోసమే ప్రత్యేకంగా చేసిన సీటీ మిషన్, బ్రెస్ట్ సీటీ, వాళ్ల పని. అది మన జిల్లాలో లేదు. అయినా దాని లెక్క తెలిస్తే మన ఊరి సమస్య మీద వెలుగు పడుతుంది.

మామోగ్రామ్‌లో ఇబ్బంది ఏంటంటే, అది నీడ బొమ్మ. అడ్డాకుల కట్టని ఎండకి ఎత్తి పట్టి చూడండి. మధ్యలో ఏదో ఒక ఆకుకి చిల్లు ఉంటే పై ఆకులూ కింది ఆకులూ దాన్ని కప్పేస్తాయి. రొమ్మునీ అలాగే రెండు పలకల మధ్య నొక్కి, మొత్తం మందాన్ని ఒకే బొమ్మగా తీస్తారు. వయసులో ఉన్నవాళ్లకి, రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లకి బొమ్మ అంతా తెల్లగా వస్తుంది, గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. తెలుపులో తెలుపు ఎలా వెతుకుతారు? సీటీ అయితే కట్ట విప్పి ఒక్కో ఆకునీ విడిగా చూపించినట్టు. నొక్కడం ఉండదు. చుట్టూ తిరుగుతూ వందల కోణాల నుంచి ఎక్స్‌రే తీసి, కంప్యూటర్ వాటిని లెక్కగట్టి ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది.

అంత బాగుంటే ముందే ఎందుకు రాలేదు? సీటీ మొదటి రోగిని చూసింది 1971లో, లండన్‌లో. అదే దశాబ్దంలో రొమ్ముకి ప్రత్యేక సీటీ అమెరికాలో ప్రయత్నించారు కూడా. బొమ్మ మరీ గరుకు, రక్తంలోకి మందు ఎక్కిస్తే గానీ గడ్డ తెలిసేది కాదు. ఆగిపోయింది. అడ్డుపడింది డోసు లెక్కే.

ఆ లెక్క ఇది. ఎండిపోయిన కళ్లం మీద తొలకరి చినుకులు పడటం చూసే ఉంటారు. మొదట పది చినుకులు పడితే ఇక్కడో మచ్చ అక్కడో మచ్చ, కళ్లంలో ఎత్తుపల్లాలు ఏమీ తెలియవు. వాన కాస్త దట్టమైతే నేలంతా సమంగా తడుస్తుంది, ఎక్కడ గుంట ఉందో అక్కడ నీళ్లు నిలుస్తాయి, కనిపిస్తుంది. ఎక్స్‌రే కణాలు, అంటే ఫొటాన్లు, కూడా చినుకుల్లాగే పడతాయి. తక్కువ పడితే బొమ్మలో మచ్చలు. దాన్నే నాయిస్ అంటారు, మనం గరుకు అందాం. ఆ గరుకు సగానికి తగ్గాలంటే ఫొటాన్లు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు కావాలి. అంతకంటే కష్టం ఇంకోటి. సీటీలో ముక్క సైజుని పొడవు, వెడల్పు, మందం మూడింటిలోనూ సగం చేసి, గరుకు అంతే ఉండాలంటే డోసు దాదాపు 16 రెట్లు పెంచాలి. రొమ్ము క్యాన్సర్‌కి తొలి గుర్తుగా వచ్చే సున్నపు చుక్కలు మిల్లీమీటర్‌లో కొద్ది వంతే ఉంటాయి. వాటిని చూడాలంటే ముక్క చిన్నదవ్వాలి, చిన్నదైతే డోసు పెరగాలి, డోసు పెరిగితే మనం భయపడ్డ క్యాన్సర్‌నే మనం పిలిచినట్టు. ఈ ముడి విప్పడమే వాళ్ల పని.

కాలిఫోర్నియాలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డేవిస్‌లో జాన్ బూన్ బృందం 2001లో ఒక లెక్క ప్రచురించింది. రొమ్ము ఒక్కదానికే ఎక్స్‌రే తగిలేలా మిషన్ కడితే, రెండు వైపులా తీసే మామోగ్రామ్‌కి పడేంత డోసులోనే పనికొచ్చే సీటీ బొమ్మ వస్తుందని. ఎలా కట్టారో వింటే సింపుల్‌గా అనిపిస్తుంది. మనిషి బోర్లా పడుకుంటుంది, బల్లకి కంత ఉంటుంది, రొమ్ము ఆ కంతలోంచి కిందికి వేలాడుతుంది. ఎక్స్‌రే ట్యూబు బల్ల కింద అడ్డంగా తిరుగుతుంది. ఛాతీ, ఊపిరితిత్తులు, గుండె నేరుగా కిరణాల దారిలో ఉండవు. మామూలు ఛాతీ సీటీలో ఒక్క రొమ్ము చూడాలన్నా మొత్తం ఛాతీ తడిసిపోతుంది. ఇక్కడ చేను తడపడానికి ఊరంతా వరద పెట్టకుండా కాలవ తవ్వి మడికే నీళ్లు పెట్టినట్టు.

రెండోది, కిరణాల రకం. ట్యూబులోంచి వచ్చే ఎక్స్‌రేల్లో బలం లేనివి కూడా ఉంటాయి. అవి రొమ్ములోనే ఇంకిపోతాయి, అవతల డిటెక్టర్ దాకా చేరవు. అంటే ఒంటికి డోసు, బొమ్మకి సున్నా. అందుకే ట్యూబు ముందు పలచని లోహపు రేకు పెట్టి వాటిని ముందే ఆపేస్తారు.

మూడోది, డిటెక్టర్. పాత రకంలో ఎక్స్‌రే ముందు వెలుతురుగా మారి, ఆ వెలుతురు కరెంటుగా మారుతుంది, మధ్యలో ఎలక్ట్రానిక్స్ గరుకు కలుస్తుంది. కొత్త రకంలో ఒక్కో ఫొటాన్‌నీ నేరుగా లెక్కపెడతారు. జర్మనీలో ఎర్లాంగెన్‌లో తయారైన రొమ్ము సీటీ మిషన్ ఈ పద్ధతి వాడుతుంది. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ యూనివర్సిటీ ఆసుపత్రిలో దాన్ని పెట్టి ఆడవాళ్లని చూస్తున్నారు. కూలి ఇచ్చి ఏరించిన పసుపు కొమ్ములు ఒక్కటీ పారేయకుండా లెక్కకి తెచ్చినట్టు. ఒంట్లోంచి వచ్చిన ప్రతి ఫొటాన్‌కీ ఆమె ఒళ్లు వెల కట్టింది కదా, ఒక్కటీ వృథా పోకూడదు.

నాలుగోది, సమయం. అమెరికాలో రోచెస్టర్ దగ్గర తయారైన కోనింగ్ మిషన్ ఒక్కో రొమ్ముని దాదాపు 10 సెకన్లలో, 300 కోణాల నుంచి తీసేస్తుంది. పది సెకన్లు ఊపిరి బిగబడితే చాలు. దీనికి అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో అనుమతి ఇచ్చింది. ఎలా ఇచ్చిందో గమనించండి. ఏదో అనుమానం ఉన్నవాళ్లకి నిర్ధారణ కోసం మాత్రమే. ఏ లక్షణాలూ లేని ఆడవాళ్లందరికీ వరసగా స్క్రీనింగ్ చేయడానికి మామోగ్రామ్ బదులు వాడమని కాదు. డోసు కూడా రొమ్ము పరిమాణాన్ని బట్టి మారుతుంది, మామూలు రెండు వైపుల మామోగ్రామ్ కంటే తరచూ కాస్త ఎక్కువే. సున్నపు చుక్కల విషయంలో మామోగ్రామే మెరుగ్గా చూపించే సందర్భాలు ఉన్నాయి. చంకకి దగ్గరి భాగం సరిగా కంతలోకి రాకపోవడం ఇంకో లోటు. వాళ్ల దేశంలోనే వాళ్లు ఇంత జాగ్రత్తగా ఉన్నారు.

ఐదోది, కంప్యూటర్ లెక్క. మన తరానికి ఎక్కువ పని ఇక్కడే ఉంది. 300 కోణాల బదులు వంద కోణాలే తీసి, మిగతాది లెక్కతో పూరించగలిగితే డోసు తగ్గుతుంది. ఇప్పుడు ఏఐ వచ్చింది. గరుకు బొమ్మ ఇస్తే నున్నగా చేసి ఇస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ముచ్చటగా ఉన్నది నిజమా కాదా అన్నదే ప్రశ్న. యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో ఎమిల్ సిడ్కీ, షియావోచువాన్ పాన్ తదితరులు దీన్నే పరీక్షించారు. కంప్యూటర్‌లో తయారుచేసిన రొమ్ము నమూనాలు తీసుకుని, 128 కోణాల డేటా మాత్రమే ఇచ్చి, అప్పట్లో అందరూ పొగుడుతున్న రకం న్యూరల్ నెట్‌వర్క్ అసలు బొమ్మని తిరిగి తెస్తుందా అని చూశారు. తేలేకపోయింది. బొమ్మ చూడ్డానికి దగ్గరగా ఉన్నా అసలుది కాదు. తర్వాత 2021లో అమెరికా మెడికల్ ఫిజిక్స్ సంఘం ఇదే సమస్య మీద పోటీ పెట్టింది. గెలిచినవాళ్లు నెట్‌వర్క్‌ని గుడ్డిగా వదల్లేదు. ఎక్స్‌రే ఎలా ప్రయాణిస్తుందన్న ఫిజిక్స్ సమీకరణాన్ని దాని లోపల పెట్టి, ప్రతి అడుగులో అసలు కొలతతో సరిచూసేలా చేశారు. అప్పుడు అసలు బొమ్మకి చాలా దగ్గరికి వచ్చారు.

ఇంతా చదివాక మాకు అర్థమైంది ఒక్కటే. డోసు తగ్గించడం అంటే ఊరికే కిరణాలు తగ్గించడం అని మేము అనుకునేవాళ్లం. అది తప్పు. తక్కువ కిరణాలతో తీసి, గడ్డ కనిపించని బొమ్మ వచ్చిందనుకోండి, ఆమెకి పడిన ఆ కాస్త డోసు కూడా పూర్తిగా దండగే. మళ్లీ తీయాల్సి వస్తే రెండింతలు. ఏమీ లేదని ఇంటికి పంపిస్తే ప్రాణమే పోవచ్చు. డాక్టర్ అడిగిన ప్రశ్నకి జవాబిచ్చే బొమ్మ, అంతకు మించి ఒక్క చినుకు కూడా ఎక్కువ పడని డోసు. ఈ రెండూ కలిపే కొలవాలి, విడగొట్టి కాదు.

ఈ కొలతతో మన ఏజెన్సీని చూడండి. పెద్దమ్మకి డోసు పెరిగింది మిషన్ పాతదై కాదు. "కదలొద్దు, ఊపిరి ఆపు" అన్న రెండు మాటలు ఆమె భాషలో చెప్పేవాళ్లు లేక. లక్షల డాలర్లు పెట్టి వాళ్లు డిటెక్టర్‌లో మిగుల్చుకుంటున్న ఫొటాన్లని మనం భాష రాక పారబోస్తున్నాం. ముందుగా అల్ట్రాసౌండ్ ఎందుకు పెట్టలేదో మాకు తెలియదు, అడగలేదు. అసలు అవసరమే చెప్పని సీటీలో, ఎంత గొప్ప మిషన్ అయినా తగ్గించలేని డోసు పడింది. చేయక్కర్లేని స్కాన్‌కి సరైన డోసు సున్నా.

కొందరు అన్నలు దీనికి ఎదురు చెప్తారని తెలుసు. ఈ డ్రాఫ్ట్ చూసి మాలోనే ఒకరు అన్నారు, "పట్నం వాళ్లకి కొత్త మిషన్, మనకి చేత్తో తడిమి చూడ్డమా? ఇదేం న్యాయం? మనకీ బ్రెస్ట్ సీటీ కావాలని డిమాండ్ చేయాలి" అని. ఆ కోపం న్యాయమైనదే. ఎప్పుడూ చివరి బస్సు మనదే, అదీ సగం దారిలో ఆగిపోతుంది. కానీ మిషన్ ఒక్కటే తెచ్చి పెడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. ఆపరేటర్ లేక, కరెంటు నిలకడ లేక, రిపేరు మనిషి రాక గదిలో గుడ్డ కప్పి ఉన్న మిషన్లు ఎన్ని చూడలేదు? రిబ్బన్ కత్తిరించిన ఫోటో మాత్రం మిగులుతుంది. మా అభిప్రాయం, ఇప్పుడు మనం బ్రెస్ట్ సీటీ అడగొద్దు. బ్రెస్ట్ సీటీ వెనకున్న సూత్రాన్ని అడగాలి. అది ఇవాళే అమలు చేయొచ్చు, డబ్బు పెద్దగా అక్కర్లేదు.

చేత్తో చూడ్డాన్ని చిన్నచూపు చూడొద్దు కూడా. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు ఒక పరిశోధన నడిపారు. లక్షన్నర మంది ఆడవాళ్లు. సగం మందికి, పదో తరగతి దాకా చదివి శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఫలితం 2021లో బయటికి వచ్చింది. క్యాన్సర్ ముందు దశలోనే దొరికింది. 50 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే తక్కువ వయసు వాళ్లలో అలాంటి తగ్గుదల కనిపించలేదు, అది కూడా దాచకుండా చెప్పాలి. కానీ పడిన డోసు సున్నా. చేసింది మన అక్కల్లాంటి వాళ్లే. మన దేశంలో 2022లో దాదాపు 1.92 లక్షల మంది ఆడవాళ్లకి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని అంచనా. 30 ఏళ్లు దాటిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలోనే రాసి ఉంది. మీ ఊళ్లో జరుగుతోందా? అడిగారా?

అందుకని మేము అనుకుంటున్నవి ఇవి.

ఒకటి. స్కాన్ రాసిన ప్రతిసారీ మర్యాదగా అడగండి: "సార్, ఇది దేనికోసం? అల్ట్రాసౌండ్‌తో తేలదా? పాత ఫిల్ము ఉంది, అది సరిపోదా?" అడిగితే తిడతారన్న భయం వద్దు. అవసరమైన స్కాన్ అని డాక్టర్ చెప్తే మాత్రం వెనకాడకండి. గడ్డ ఉన్న మనిషికి తీయని స్కాన్ ప్రమాదం, తీసిన స్కాన్ ప్రమాదం కంటే చాలా ఎక్కువ. ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు పారేయకండి. పాతది చేతిలో ఉంటే కొత్తది తీయక్కర్లేని సందర్భాలు ఉంటాయి.

రెండు. మన భాషల్లో నాలుగు వాక్యాలు కావాలి. కువి, కోయ, గోండి, ఆదివాసీ ఒడియా, సవర, ఏ ఏరియాలో ఏది మాట్లాడితే అది. "భయపడకు. కాసేపు నొక్కుతుంది. కదలొద్దు. ఊపిరి ఆపు, ఇప్పుడు వదులు." దీన్ని రికార్డు చేసి ఫోన్‌లో పెట్టుకుంటే ఏ టెక్నీషియన్ అయినా వినిపించగలడు. మేము కువి మొదలుపెట్టాం. మిగతావి మీ పని.

మూడు. మన దేశంలో ఎక్స్‌రే, సీటీ మిషన్ నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, లైసెన్స్ కావాలి, మిషన్‌కి నిర్ణీత కాలానికి నాణ్యత పరీక్ష జరగాలి. సెంటర్‌లో లైసెన్స్ చూపించమని అడగడం తప్పు కాదు. ఏరియా ఆసుపత్రిలో మిషన్‌కి పరీక్ష ఎప్పుడు జరిగిందో సమాచార హక్కు కింద సంఘం తరఫున అడగొచ్చు.

నాలుగు. ఏఐతో నున్నగా చేసిన బొమ్మలు రేపు మన దగ్గరికీ వస్తాయి, చవకగా వస్తాయి. ఎవరి ఒళ్ల బొమ్మలు చూసి ఆ ఏఐ నేర్చుకుందో అడిగే మనిషి మనలో ఉండాలి. జ్యూరిక్‌లో, కాలిఫోర్నియాలో ఆడవాళ్లని చూసి నేర్చుకున్నది మన అమ్మల దగ్గర సరిగా పని చేస్తుందో లేదో ఎవరో ఒకరు పరీక్షించి చూపించాకే నమ్మాలి. అలాగని మన అమ్మల బొమ్మలు అడగకుండా ఎవరో తీసుకెళ్లి నేర్పించుకోవడమూ ఒప్పుకోకూడదు.

ఐదు, చివరిది. ఆ మనిషి ఎక్కడి నుంచో రాడు. ఈ గ్రూపులో బీఎస్సీ ఫిజిక్స్ చేసి, బీఈడీ తప్ప వేరే దారి లేదనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. మెడికల్ ఫిజిక్స్ అనే కోర్సు ఉంది. క్యాన్సర్ ఆసుపత్రుల్లో డోసు లెక్క వేసేది ఆ కోర్సు చదివినవాళ్లే. రేడియోగ్రఫీ డిప్లొమా ఉంది. టీచర్ కావడం మంచిదే, కానీ అందరం ఒక్క తలుపు దగ్గరే తోసుకుంటున్నాం. ఈ తలుపు దగ్గర మనవాళ్లు దాదాపు ఎవరూ నిలబడట్లేదు.

మళ్లీ పెద్దమ్మ దగ్గరికి. ఈ పోస్టు రాయడానికి ముందు ఆమె ఇంటికి వెళ్లి కూర్చున్నాం. అంబలి పోసింది. "పెద్దమ్మా, మామోగ్రామ్ వల్ల నీకు పడింది కొద్ది నెలలు మామూలుగా బతికితే పడేంతే. సీటీది మాత్రం మూడేళ్లది. అది మేము అడగాల్సింది, అడగలేదు. తప్పు మాది" అని చెప్పాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఆ ఇద్దరికీ చెప్పండి, ముందు పొట్ట మీద పెట్టే మిషన్ అడగమనండి, ఇంకోటి రాస్తే ఎందుకో అడిగి తీయించుకోమనండి. నేను కూడా వస్తాను వాళ్లతో" అంది. పొట్ట మీద పెట్టే మిషన్ అంటే అల్ట్రాసౌండ్. మేము పేజీలకి పేజీలు చదివి తెలుసుకున్నది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

వచ్చే సంత రోజు తర్వాత ఆ ఇద్దర్నీ తీసుకెళ్తున్నాం. పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంటానంది.

మీ ఊళ్లో ఇలాంటివి జరిగి ఉంటే రాయండి. పేర్లు, ఆసుపత్రి పేర్లు పెట్టొద్దు, విషయం మాత్రం రాయండి. మీ భాషలో ఆ నాలుగు వాక్యాలు ఎవరు రికార్డు చేస్తారో కూడా చెప్పండి.

జోహార్.